పిల్లలకి పట్టూ విడుపూ ఆటలోనే వస్తుంది

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం పొద్దున్న మీ పేపర్ మడత విప్పగానే లోపల్నించి ఒక పాంప్లెట్ జారి కింద పడింది. మా ఏరియాలో కొత్తగా తెరవబోతున్న సెంటర్‌ది. రెండేళ్లు నిండిన పిల్లలకి ‘మెదడు వికాసం’ క్లాసులట. ఆరు నెలల కోర్సు, నాలుగు వర్క్‌బుక్కులు, ఒక ఫ్లాష్ కార్డుల పెట్టె, కోర్సు అయ్యేసరికి పిల్లలు ఆలోచించే తీరే మారిపోతుందని రాశారు. మా ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, "మనమూ చేర్పిద్దామా? అందరూ చేర్పిస్తుంటే మన పిల్ల వెనకబడిపోదూ?" అంది. తను నర్సు, ఎంత కష్టమైన రోజైనా మొహంలో తెలియనివ్వదు, అలాంటిది ఆ కాయితం పట్టుకుని ఆ మాట అంటున్నప్పుడు తన టెన్షన్ నాకు కనిపించింది. అదే టెన్షన్ ఈ ఊళ్లో చాలా ఇళ్లలో ఉందని నాకు తెలుసు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి.

నేను మల్కాపురంలో ఉంటాను. పోర్టులో షిఫ్ట్ డ్యూటీ. మా పాపకి వచ్చే నెలకి మూడేళ్లు నిండుతాయి. నాకు బీ షిఫ్ట్ పడిన వారమంతా మధ్యాహ్నం దాకా పాప నా దగ్గరే ఉంటుంది, సీ షిఫ్ట్ అయితే పొద్దున్న ఇంటికొచ్చి నిద్ర ఆపుకుని కాసేపు. మిగతా టైమంతా మా అమ్మ చూసుకుంటుంది. రెండు నెలల క్రితం దాకా పాపని ఒక ప్లే స్కూల్‌కి పంపాం. పేరు రాయను, టీచర్లు చెడ్డవాళ్లేమీ కాదు. కానీ ఒకరోజు డైరీలో "చెప్పినట్టు చెయ్యడం లేదు, ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి" అని రాసి పంపారు. ఏం చెయ్యలేదా అని చూస్తే, అచ్చేసిన ఏనుగు బొమ్మకి బూడిద రంగు వెయ్యమంటే మా పాప పసుపు వేసింది, గీత బయటికి కూడా వెళ్లింది. పైన ఎర్ర పెన్నుతో ఇంటూ మార్కు. రెండేళ్ల తొమ్మిది నెలల పిల్లకి ఇంటూ మార్కు!

ఏనుగుకి పసుపెందుకు వేశావమ్మా అని అడిగితే "స్నానం చేసింది, పసుపు రాసుకుంది" అంది. మా అమ్మ పండగరోజు పసుపు రాసుకుని స్నానం చెయ్యడం అది చూస్తుంది. మనుషులకి జరిగేది ఏనుగుకీ జరగొచ్చని దాని బుర్రకి తట్టింది. నా దృష్టిలో ఆ పేజీలో అన్నిటికన్నా తెలివైన పని అదే, మార్కు పడింది కూడా దానికే.

మన పెద్దవాళ్లు మనిషికి పట్టూ విడుపూ ఉండాలంటారు కదా, నేను రాసేది దాని గురించే. ఒక ఆలోచన పట్టుకున్నాక అవసరమైతే దాన్ని వదిలి ఇంకోటి పట్టుకోవడం, ఒకే వస్తువుని రెండు రకాలుగా చూడటం, అనుకున్నది జరక్కపోతే వేరే దారి వెతకడం. పసిపిల్లలకి ఇది పుట్టుకతో రాదు, మొండితనం అని మనం తిట్టేదాంట్లో సగం ఇది ఇంకా రాకపోవడమే. మా ఇంట్లో నీలం గ్లాసు గొడవ ఉంది. పాలు నీలం గ్లాసులోనే కావాలి. ఓసారి అది తోమకుండా ఉందని స్టీలు గ్లాసులో ఇస్తే, అవే పాలు, అదే చక్కెర, అయినా నేల మీద పడి పొర్లి పొర్లి ఏడ్చింది. "పొగరు, నాలుగు తగిలించు" అన్నారు చూసినవాళ్లు. కానీ అది పొగరు కాదు సార్. నుదుటి వెనక ఉండే మెదడు భాగం, అంటే మనల్ని మనం ఆపుకోవడానికీ మనసు మార్చుకోవడానికీ పనికొచ్చే భాగం, పూర్తిగా ఎదగడానికి పాతికేళ్ల దాకా పడుతుంది. మూడేళ్ల పిల్లకి అది ఇంకా మొలక.

ఇదంతా నాకు ముందే తెలుసని కాదు. మా అక్క ఎలమంచిలి దగ్గర అంగన్‌వాడీ టీచరు, చాలావరకు తన దగ్గరే నేర్చుకున్నాను, కొంత డ్యూటీ మధ్యలో ఫోన్లో చదివాను. తను చెప్పిన ఒక ఆట ఇంట్లో ఆడించి చూశాకే ఈ విషయం నాకు నిజంగా బుర్రకెక్కింది. అది వివరంగా రాస్తాను, ఎవరైనా ఇంట్లో చేసి చూడొచ్చు.

బట్టలకి పెట్టే క్లిప్పులు తీసుకున్నాను. పెద్దవీ చిన్నవీ ఉన్నాయి, ఎర్రవీ నీలంవీ ఉన్నాయి. ఒక స్టీలు గిన్నె, ఒక ప్లాస్టిక్ డబ్బా. ముందు రంగుల ఆట, ఎర్రవి గిన్నెలో, నీలంవి డబ్బాలో. పాప చకచకా వేసేసింది. తర్వాత "ఇప్పుడు ఆట మారింది, పెద్దవి గిన్నెలో, చిన్నవి డబ్బాలో" అన్నాను. "పెద్దవి ఎక్కడెయ్యాలమ్మా?" అంటే గిన్నె చూపించింది. "చిన్నవి?" డబ్బా చూపించింది. అన్నీ సరిగ్గానే చెప్పింది. అప్పుడు చేతికి ఒక పెద్ద నీలం క్లిప్పు ఇచ్చాను. తిన్నగా తీసుకెళ్లి డబ్బాలో వేసింది. మళ్లీ అడిగితే మళ్లీ సరిగ్గా చెప్పింది, మళ్లీ డబ్బాలోనే వేసింది. నోటికి కొత్త రూలు వచ్చింది, చెయ్యి మాత్రం పాత రూలు వదల్లేదు.

నేను ఆశ్చర్యపోయి అక్కకి ఫోన్ చేస్తే, ఆ వయసులో చాలామంది అంతే అంది. తర్వాత చదివితే తెలిసింది, ఫిలిప్ జెలాజో అనే సైకాలజిస్టు 1990లలో రంగు, ఆకారం ఉన్న కార్డులతో సరిగ్గా ఇలాంటి పరీక్షే పిల్లలకి పెట్టారట. మూడేళ్ల పిల్లలు ఎక్కువమంది కొత్త రూలేమిటో చెప్పగలరు కానీ పాత రూలు ప్రకారమే కార్డులు వేస్తారు, నాలుగు, ఐదేళ్లు వచ్చేసరికి చాలామంది మార్చుకోగలుగుతారు. ఇది చదివాక నాకు పెద్ద బరువు దిగినట్టయింది. మా పిల్ల వినిపించుకోక కాదు, వయసు అది.

ఆ రోజు నేను చేసిన తప్పు ఒకటుంది, అదే ఈ ఉత్తరానికి అసలు కారణం. "అలా కాదమ్మా" అన్నాను. మళ్లీ "అలా కాదు, చూడు" అన్నాను. మూడోసారి అనేసరికి పాప గిన్నె విసిరేసి నానమ్మ దగ్గరికి పోయింది. అక్క ఏం చెప్పిందంటే, దిద్దొద్దు, ఆట మార్చు అంది. మర్నాడు రంగుల ఆట అవ్వగానే గిన్నె, డబ్బా ఖాళీ చేసి, "రంగుల కొట్టు మూసేశాం" అని చప్పట్లు కొట్టి, పాపని లేపి గదికి ఇటుపక్క కూర్చోబెట్టి, "ఇది పెద్ద, చిన్న కొట్టు" అన్నాను. ఒక్కో క్లిప్పు ఇచ్చేటప్పుడు రంగు ఊసెత్తకుండా "ఇది పెద్దది" అని మాత్రమే అన్నాను. పదిలో ఏడు సరిగ్గా వేసింది. తప్పుగా వేసినవాటి గురించి ఏమీ అనలేదు. నాలుగు రోజుల తర్వాత తనే వచ్చి "నాన్నవి, నానమ్మవి" అని కొత్త కొట్టు పెట్టింది. ఏది ఎవరిదో దాని లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాలేదు కానీ, రంగూ సైజూ కాకుండా మూడో రకంగా పంచొచ్చని తనంతట తను కనిపెట్టింది. నాకు ఆ రోజు కళ్లు చెమర్చాయి, నిజం.

(చిన్న క్లిప్పులు, గింజలు, గోళీలు మూడేళ్లలోపు పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. పెద్దవాళ్లు పక్కనుండి మాత్రమే ఆడించాలి. క్లిప్పులకి బదులు స్పూన్లు, గరిటెలు వాడినా సరిపోతుంది.)

మనం చిన్నప్పుడు ఆడినవాటిలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో ఇప్పుడు తెలుస్తోంది. నేల బండ గుర్తుందా? మేం ఇంటి ముందు అరుగు మీద తేలిక చేసి ఆడుతున్నాం. ‘నేల’ అంటే కిందికి దిగాలి, ‘బండ’ అంటే అరుగెక్కాలి. పక్కింటి ఐదేళ్ల బాబు కూడా వస్తే ‘తిరకాసు ఆట’ పెడతాను, నేల అంటే అరుగెక్కాలి, బండ అంటే దిగాలి. బాబు ఒక్క క్షణం ఆగి, పెదాలు కదుపుకుంటూ ఆలోచించి ఎక్కుతాడు. ఆ ఆగడం ఉంది చూశారూ, అదే కావాల్సింది. మా పాపకి ఇంకా రాదు, వాణ్ని చూసి ఎక్కుతుంది, దిగమంటే నవ్వుతుంది. రాకపోయినా పర్వాలేదు. ‘కాకి ఎగిరింది, చిలక ఎగిరింది, బల్ల ఎగిరింది’ అంటూ చేతులు ఎత్తించే ఆట కూడా అంతే. బల్ల అన్నప్పుడు చెయ్యి ఆపుకోవాలి, ఆపుకోవడం కూడా ఒక విద్యే. మొన్న బల్లకి పాప చెయ్యెత్తింది, నేను దిద్దకుండా "బల్ల ఎలా ఎగురుతుందమ్మా?" అంటే "ఫ్యాన్‌కి కడితే" అంది. అలాంటి జవాబు వర్క్‌బుక్కులో రాయడానికి చోటు లేదు.

వస్తువుల విషయానికొస్తే, మా ఇంట్లో ఎక్కువ పనికొచ్చిన బొమ్మ ఒక పాత తువ్వాలు. అది నది అయింది, పెళ్లికూతురి ముసుగయింది, ఓడ అయింది, జ్వరం వచ్చిన పాపాయి అయింది. పుట్టినరోజుకి వచ్చిన బ్యాటరీ బొమ్మ ఉంది, బటన్ నొక్కితే ఏ బీ సీ డీ పాడుతుంది, ఇంకేం చెయ్యదు. పదిసార్లు నొక్కాక పాప వదిలేసింది. బటన్‌కి ఒకటే జవాబు, తువ్వాలుకి ఎన్నో. మా అక్క ఉండే ఊరికి దగ్గర్లోనే ఏటికొప్పాక ఉంది. అక్కడి అంకుడు కర్ర బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు, అంటే ఇవి ఈ ఊరి ప్రత్యేకత అని చెప్పే గుర్తింపు కూడా వచ్చింది. ఆ లక్క పిడతల సెట్టు ఒకటి తెచ్చిచ్చింది. చిన్న పొయ్యి, కుండ, గిన్నెలు. ఒకరోజు వంట, ఒకరోజు గుడి కట్టడం, ఒకరోజు కుండ బోర్లించి టోపీ. మన జిల్లా పక్కనే ఇంత మంచి బొమ్మలు చేస్తుంటే, మనం పిల్లలకి పాడే ప్లాస్టిక్ కొంటున్నాం. అక్కడివాళ్ల చేతిపనికి పిల్లలున్న ఇళ్లకన్నా మంచి చోటు ఏముంటుంది? (చిన్న చిన్న గిన్నెలు మాత్రం మూడేళ్లు దాటాకే చేతికివ్వండి.)

బీచ్ గురించి రాయకపోతే వైజాగ్ వాడినే కాను. ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి దేవుడిచ్చిన ఆట సామాను ఇసుక, పైసా ఖర్చు లేదు. మేం సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్తే నీళ్లకి బాగా దూరంగా, పొడి ఇసుకలో కూర్చుంటాం. మన తీరంలో అల కాలి కింద ఇసుకతో సహా లాగేస్తుంది, పసిపిల్లలతో అంచున నిలబడొద్దు. బకెట్‌తో నీళ్లు తెచ్చుకుంటాం. పొడి ఇసుకతో గుడి కట్టబోతే జారిపోతుంది, తడిపితే నిలబడుతుంది, మరీ ఎక్కువ పోస్తే మళ్లీ కూలిపోతుంది. ఇసుక రేణువుల మధ్య కొద్దిగా నీరుంటే అది వాటిని పట్టి ఉంచుతుంది, ఎక్కువైతే ఆ పట్టు పోతుంది. ఇది నేను చెప్పలేదు, మూడు సాయంత్రాలు పోసి పోసి తనే తెలుసుకుంది. ఒకరోజు కష్టపడి కట్టిన గుడి మీంచి ఒక కుక్క నడిచి వెళ్లిపోయింది. పాప పెదవి వణికింది, ఏడుపు వచ్చేస్తోంది. నేను ఓదార్చడానికి నోరు తెరిచి, అక్క మాట గుర్తొచ్చి ఆగిపోయాను. కాసేపు ఆ గుంటలు చూసి, "ఇది కుక్క ఇల్లు నాన్నా, ఇక్కడ పడుకుంటుంది" అంది. నీలం గ్లాసు కోసం నేల మీద పొర్లిన పిల్లేనండి అది. ఆ రెండింటి మధ్య మూడు నెలలు కూడా లేవు.

రాత్రి కథల్లోనూ అంతే. ఏడు చేపల కథ తెలియని తెలుగు ఇల్లుండదు. మేం చేప ఎందుకు ఎండలేదనే దగ్గర ఆపేసి పాపనే చెప్పమంటాం. ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్లినప్పుడు ఎండబెట్టిన చేపలు చూసింది కాబట్టి దానికి బోలెడు కారణాలు. వాన వచ్చింది, కాకి నీడ పడింది, చేప గొడుగేసుకుంది, చేపకి స్నానం అవ్వలేదు. మా అమ్మకి మొదట్లో నచ్చలేదు, కథ కథలాగే చెప్పాలంది. ఇప్పుడు ఆవిడే "ఇవాళ ఎందుకెండలేదే?" అని ముందే అడుగుతోంది. అమ్మ చెప్పినదాంట్లో కూడా న్యాయముంది, అసలు కథ పదిసార్లు ఒకేలా విన్నాకే మార్చడంలో మజా తెలుస్తుంది, మొదటిరోజే మార్చేస్తే పిల్లకి పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

అందుకే ఇంకో మాట. పట్టూ విడుపూ నేర్పిస్తున్నామని తిండి, నిద్ర టైములు ఇష్టమొచ్చినట్టు మార్చకండి. పడుకునే టైము, తినే చోటు, అమ్మ వచ్చే టైము స్థిరంగా ఉంటేనే ఆటలో మార్పుని పిల్ల తట్టుకుంటుంది. ఆకలిగా ఉన్నప్పుడు, నిద్రొస్తున్నప్పుడు ఏ ఆటా పనిచెయ్యదు, నీలం గ్లాసు ఇచ్చెయ్యండి. నాకు సీ షిఫ్ట్ అయిన రోజుల్లో ఓపిక ఉండదు, ఆ రోజు ఆడించను, పక్కన పడుకుని అది చెప్పేది వింటాను. ఫోన్ మాత్రం ఇవ్వను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, రెండేళ్లలోపు వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్లకి రోజుకి గంటకి మించొద్దనీ, తక్కువైతే ఇంకా మంచిదనీ. మొదట్లో అన్నం తినిపించడానికి మేమూ ఇచ్చాం, మాన్పించడానికి రెండు వారాలు పట్టింది.

ఇదంతా ఎవరో కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయ్ బధేకా అనే విద్యావేత్త పసిపిల్లల కోసం బాలమందిరం పెట్టింది 1920లో. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి మద్రాసు వచ్చి మన టీచర్లకి శిక్షణ ఇచ్చింది 1939లో. ప్రభుత్వం కాయితాల మీద కూడా ఇదే ఉంది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా పునాది దశ అంటుంది, ఆటల ద్వారానే నేర్పాలంటుంది. 2022లో వచ్చిన పాఠ్య ప్రణాళిక చట్రమూ అదే మాట. 2024లో కేంద్రం పుట్టినప్పట్నించి మూడేళ్ల దాకా ‘నవచేతన’ అని, మూడు నుంచి ఆరేళ్లకి ‘ఆధారశిల’ అని అంగన్‌వాడీల కోసం ప్రణాళికలు తెచ్చింది. మా అక్క వాళ్ల సెంటర్లో ఫీజు లేకుండా, గిన్నెలతో, ఆకులతో, గుడ్డ ముక్కలతో ఆడిస్తుంటే, సిటీలో మనం వేలకు వేలు కట్టి మూడేళ్ల పిల్లలకి పెన్సిల్ పట్టిస్తున్నాం. వేళ్లకి ఇంకా బలం రాని పిల్ల గీతలో గీత కలిపి రాయలేదని ఎర్ర పెన్నుతో కొడుతున్నాం.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను. ప్లే స్కూళ్లు నడిపేవాళ్లకి నా మనవి, నాలుగేళ్లలోపు పిల్లలకి హోంవర్క్ వద్దు, తప్పు మార్కులు వద్దు. పసుపు ఏనుగు కనిపిస్తే ఎందుకని ఒక్కసారి అడగండి, ఆ జవాబు డైరీలో రాసి పంపండి, చదువుకుని మురిసిపోతాం. తల్లిదండ్రులం కూడా స్కూల్‌కి వెళ్లి "ఇంకా ఏ బీ సీ డీలు రాలేదేంటి?" అని అడగడం మానాలి, వాళ్లు రాయిస్తున్నది సగం మన భయం వల్లే. కాలనీ పార్కులు చూసుకునేవాళ్లు టైల్స్ పరిచేటప్పుడు ఒక మూల పది అడుగుల మేర ఇసుక వదిలితే, పైన కుక్కలు రాకుండా రాత్రిపూట కప్పడానికి ఒక వల ఉంటే, అంతకన్నా పెద్ద ఖర్చేమీ లేదు. బీచ్‌కి దూరంగా గాజువాక, పెందుర్తి వైపు ఉన్న పిల్లలకి అదే బీచ్.

మీకు కూడా ఒక మనవి ఎడిటర్ గారూ. మీ ఆదివారం సంచికలో పిల్లల పేజీ ఉంది, బాగుంటుంది, కానీ అది చదవడం వచ్చిన పిల్లలకి. చదవడం రాని పిల్లలున్న ఇళ్లకి వారానికో ఆట, నాలుగంటే నాలుగు లైన్లు, ఏ వయసుకి, ఇంట్లో ఏ వస్తువులతో, ఏం జాగ్రత్త తీసుకోవాలో వేస్తే చాలు. నానమ్మల దగ్గర, అంగన్‌వాడీ టీచర్ల దగ్గర అడిగితే ఏడాదికి సరిపడా ఆటలు దొరుకుతాయి. మా అక్క తన నోట్‌బుక్‌లో రాసుకున్నవి పంపడానికి ఒప్పుకుంది, మీరు వేస్తానంటే వచ్చే వారమే ఫొటోలు తీసి పంపిస్తాను.

ఆ పాంప్లెట్ ఏమైందంటే, మా ఆవిడా నేనూ రెండు రోజులు మాట్లాడుకుని చేర్పించకూడదనే అనుకున్నాం. వెనకవైపు ఖాళీగా ఉందని పాపకిచ్చాం, ప్రస్తుతానికి అది పడవ.

ఇట్లు,
ఒక పాప తండ్రి,
మల్కాపురం, విశాఖపట్నం